రాకాసి గూళ్ళలో ఏమున్నది?

గత కార్తికమాసములో ఒక ఆదివారమునాడు మా కళాశాల విద్యార్థులు పదకొండుమందిని వెంటబెట్టుకొని కరీంనగరమునకు తూర్పున ఉన్న ఒక పల్లెకు పోయినాను. వరికోతలు సగము అయినవి. చెరువు కట్ట దాటి, గుట్ట వాలున ఉన్న పడావు భూమిలో కొంతదూరము నడచిన తరువాత, గడ్డిలో సగము మునిగిన పెద్ద పెద్ద గుండ్లు వలయములుగా పేర్చి ఉండుట కనిపించినది. అటువంటి వలయములు ఆ వాలులో తొమ్మిది లెక్కపెట్టినాము. ఆ ఊరి పేరు నేను ఈ వ్యాసములో వ్రాయుట లేదు. కారణము తరువాత చెప్పెదను.

మేకలను మేపుకొనుచున్న ఒక ముసలాయన మా దగ్గరకు వచ్చి, "గివి రాకాసి గుండ్లు సారూ. మా తాతల నాటికెల్లి అట్లనే ఉన్నయి. నాగలికి అడ్డమొస్తయని చుట్టు తిప్పి దున్నేటోళ్ళు" అన్నాడు.

"ఎవరు పెట్టిన్రు తాతా?" అని ఒక విద్యార్థిని అడిగినది.

"మనుషులు ఏడ పెడ్తరు బిడ్డా! రాకాసులే పెట్టిన్రు."

తెలుగుదేశములో ఇటువంటి కట్టడములు ఉన్న ప్రతి చోటా దాదాపు ఇదే మాట వినబడును. ఒక చోట రాకాసి గూళ్ళు, మరొక చోట పాండవ గుళ్ళు. పురావస్తు శాస్త్రజ్ఞులు వీటిని బృహత్ శిలా సమాధులు అంటారు. పేర్లు వేరైనను, ముసలాయన మాటలో ఒక వాదము ఉన్నది: ఇంత బరువును మనిషి కదిలించలేడు, కాబట్టి కదిలించినవాడు మనిషి కాడు. ఈ వాదములోని మొదటి భాగము నిజమో కాదో తేల్చుటకు మాకు ఒక టేపు, ఒక పెన్సిలు చాలినవి.

ఆ తొమ్మిదింటిలో ఒకటి ఎప్పుడో తెరవబడి ఉన్నది. వలయము నడుమ మనిషి లోతు గొయ్యి. గొయ్యిలో నాలుగు పక్కల నాలుగు గ్రానైటు పలకలు నిలిపి పెట్టె వలె కట్టినారు. అడుగున మరొక పలక పరచినారు. కప్పురాయి ఒక పక్కకు జరిగి ఏటవాలుగా పడియున్నది. నిలువు పలకలను కూర్చిన తీరు గమనింపదగినది. ప్రతి పలక యొక్క ఒక అంచు పక్క పలకను దాటి కొంచెము వెలుపలికి పొడుచుకొని వచ్చినది. పైనుండి చూచినయెడల స్వస్తికము గుర్తుకు వచ్చును. చుట్టునున్న మట్టి పలకలను లోపలికి నెట్టును గదా. ఈ కూర్పులో ప్రతి పలకకు దాని పొరుగు పలక ఆనుడుగా నిలుచును. సున్నము లేదు, మేకు లేదు. కట్టినవారికి మట్టి ఒత్తిడి అనే మాట తెలియకపోవచ్చును, ఒత్తిడి మాత్రము బాగుగా తెలియును.

కప్పురాయిని కొలిచినాము. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు, మందము 0.3 మీటరు. ఘనపరిమాణము సుమారు 1.3 ఘనమీటర్లు. గ్రానైటు సాంద్రత నీటికి 2.65 రెట్లు. కనుక బరువు మూడున్నర టన్నులకు కొంచెము తక్కువ. దీనిని ఎత్తుట సంగతి అటుంచి, లాగుటకు ఎంత బలము కావలెను? మోకు పట్టి నిలకడగా లాగే మనిషి 25 కిలోల బరువుకు సమానమైన బలము చూపగలడనుకొందము. రాతిని చెక్కబల్ల మీద కట్టి, పరచిన దుంగల మీద ఈడ్చితే ఘర్షణ గుణకము 0.4 ప్రాంతములో ఉండును. అప్పుడు సుమారు 55 మంది కావలెను. బల్ల క్రింద గుండ్రని దుంగలు దొర్లునట్లు చేసినయెడల గుణకము 0.1కి దిగునని పెట్టుకొందము. 14 మంది చాలుదురు. దారి పదింటికి ఒకటి చొప్పున ఎత్తుగా ఉన్నచో మరొక 14 మంది. ఈ సంఖ్యలు స్థూలమైనవే. అయినను రాకాసుల అవసరము లేదని తేల్చుటకు ఇంతకన్న ఖచ్చితమైన లెక్క అక్కరలేదు.

మేము చూచినది చిన్న సమాధి. కరీంనగరము నుండి హైదరాబాదు పోవు దారిలో వచ్చే సిద్దిపేట దగ్గర నంగునూరు మండలములో నరమెట్ట అనే ఊరు ఉన్నది. అక్కడ 2017లో తెలంగాణ పురావస్తుశాఖ వారు ఒక సమాధిని త్రవ్వినారు. దాని కప్పురాయి పొడవు సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, మందము 65 సెంటీమీటర్లు. అంచులు ఎగుడుదిగుడుగా ఉండును గనుక కొంత తగ్గించి లెక్కవేసినను 40 టన్నులు దాటును. దానిని తొలగించుటకు పెద్ద క్రేనును తెప్పించవలసి వచ్చినది. మన లెక్క ప్రకారము, దొర్లు దుంగల మీద దానిని సమతలమున లాగుటకే 160 మందికి పైగా కావలెను. వాలు మీద అంతకు రెట్టింపు.

ఇక్కడ బరువు లెక్క మరొక ప్రశ్నకు దారి తీయును. మూడు వందల మందిని ఒక పనికి పిలువగలవాడు ఎవడు? వారు లాగినన్ని దినములు వారికి అన్నము ఎవరు పెట్టిరి? ఒక కుటుంబము తన పెద్దను పూడ్చుకొనుటకు ఇంతమంది కదలి వచ్చినారనగా, అక్కడ ధాన్యపు నిలువ ఉన్నది, మాట చెల్లే పెద్దరికము ఉన్నది, బహుశః విందు కూడ ఉన్నది. ఇది కేవలము ఊహ కాదు. ఇండోనేషియాలోని సుంబా ద్వీపములో, మన ఈశాన్యమున నాగా కొండలలో, పెద్ద రాళ్ళను బల్లలకు కట్టి వందల మంది పాడుచు లాగిన దృశ్యములను ఇరువదవ శతాబ్దములో చూచి వ్రాసినవారు ఉన్నారు. అంతటను రాయితోపాటు పశువులు కోయుట, విందులు చేయుట ఉన్నవి. అప్పటి ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో ఉండి గోండులను గూర్చి పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ పండితుడు, ఒరిస్సాలోని గదబలు చనిపోయినవారి కొరకు రాళ్ళు నిలిపే ఆచారమును గూర్చి 1943లో ఒక వ్యాసము ప్రకటించినాడు. ఈనాడు రాళ్ళు నిలిపేవారు ఆనాటి సమాధుల వారి వారసులే అని దీని అర్థము కాదు. రాయి ఒక్కటే కదలదు, ఊరంతా కదలవలెను అనునంతవరకే ఈ పోలికలు మనకు పనికివచ్చును.

మరి ఇంత చదునైన పలకలు ఎక్కడ దొరికినవి? ఆ గుట్టను చూపించి విద్యార్థులనే అడిగినాను. గ్రానైటు భూగర్భములో గొప్ప ఒత్తిడి క్రింద ఏర్పడిన రాయి. పైనున్న పొరలు కోసుకొనిపోయి ఒత్తిడి తగ్గగానే అది ఉల్లిపొరల వలె పొరలు పొరలుగా చీలును. ఆ చీలికను మనిషి నిప్పుతో పెంచగలడు. మన వడ్డెరలు బండ మీద మంట పెట్టి పొరలు లేపుట నా చిన్ననాట నేను స్వయముగా చూచినాను. గ్రానైటులోని క్వార్ట్జు కణములు వేడికి తక్కిన ఖనిజముల కన్న ఎక్కువగా వ్యాకోచించును. పై పొర ఉబ్బును, క్రింది పొర చల్లగానే ఉండును, నడుమ విడిపోవును. సుత్తితో కొట్టుచు శబ్దమును బట్టి పొర ఎంతవరకు లేచినదో వడ్డెర చెప్పగలడు. మూడువేల ఏండ్ల క్రిందటి పనివాడు ఇదే పద్ధతిని అనుసరించి ఉండవచ్చును.

రాయిని బట్టి సమాధి రూపము కూడ మారినదని నా అభిప్రాయము. కరీంనగరము చుట్టు గ్రానైటు పలకలు దొరకును. కనుక భూమిలో రాతి పెట్టె. గోదావరి వెంబడి తూర్పుగా దిగి ములుగు జిల్లా తాడ్వాయి అడవులు చేరితే అక్కడ ఇసుకరాయి. అది పొరలుగా తేలికగా చీలును, పెద్ద బల్లపరుపు పలకలను ఇచ్చును. అక్కడ సమాధులు భూమి మీదనే గూళ్ళవలె నిలిచినవి. వాటిని డోల్మెన్లు అంటారు. సర్వే ఉద్యోగి మల్హెరన్ ఆ ప్రాంతపు గూళ్ళను, అక్కడి రాతి శిలువలను గూర్చి 1868లోనే కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి తెలిపినాడు. ఇక ఆదిలాబాదు వైపు పోయి పెన్‌గంగ దాటి విదర్భలో ప్రవేశిస్తే నల్లరేగడి, దాని క్రింద అగ్నిపర్వతపు నల్లరాయి. అది గుండ్లుగా విరుగును గాని పలకలుగా లేవదు. నాగపూరు దగ్గర జూనాపాణి, మహూర్‌ఝరీలలో ఉన్నవి ప్రధానముగా గుండ్ల వలయములే. మహూర్‌ఝరీలో గుర్రముల ఎముకలు, వాటి ముఖమునకు తొడిగిన రాగి ఆభరణములు కూడ దొరికినవి. నైకుండ్‌లో ఇనుము కరగించిన కొలిమి బయటపడినది.

ఇనుము మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. మన ఉత్తర తెలంగాణ పల్లెలలో ఇనుప చిట్టెము దిబ్బలు అనేకము. నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఉక్కును గూర్చి వాయిసీ అనే శాస్త్రజ్ఞుని వ్రాత 1832లోనే అచ్చయినది. ఆ ఉక్కు పారశీక వర్తకులను ఇంత దూరము రప్పించినది. చిట్టెము కనబడగానే అది సమాధుల కాలపుదని అనుకొనరాదు. చాల దిబ్బలు మధ్యయుగమునకు, ఆ తరువాతి కాలమునకు చెందినవి. కాని సమాధులలో ఇనుప బాణపు ములుకులు, బల్లెములు, కొడవళ్ళు, గొడ్డళ్ళు దొరకుట మాత్రము దక్షిణదేశమంతటను సాధారణము.

ఇనుముకన్న ఎక్కువగా దొరకునవి కుండలు. గొయ్యి అంచున పెంకులు కుప్పగా పడియున్నవి. వెలుపల ఎరుపు, లోపల నలుపు, మూతి అంచు కూడ నలుపు. రంగు వేయలేదు. కుండను ఆవములో బోర్లించి కాల్చినారన్నది చాలమంది ఒప్పుకొన్న వివరణము. బోర్లించిన కుండ లోపలికి గాలి ఆడదు. పొట్టు, ఆకు పొగబట్టి కర్బనము పట్టును, మట్టిలోని ఇనుము ఆక్సిజన్ దొరకక నల్లబడును. వెలుపల గాలి తగులును గనుక అదే ఇనుము ఫెర్రిక్ ఆక్సైడుగా మారి ఎర్రనగును. ఒకే మట్టి, ఒకే మంట, రెండు రసాయన చర్యలు. పదవ తరగతిలో ఆక్సీకరణము, క్షయకరణము చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ కుండను ఉదాహరణగా తీసికొనవచ్చును.

ఒక విద్యార్థి ఆ కుప్పలోనుండి ఒక పెంకును తీసి జేబులో వేసికొన్నాడు. తిరిగి పెట్టమన్నాను. "విరిగిన పెంకే కదా సార్" అన్నాడు. అతనికి కోపగించుటకు నాకు అర్హత లేదు. నేను ఎం.ఎస్సీ. చదువు రోజులలో ఇటువంటిదే మరొక చోటు చూడబోయి, తెరిచియున్న సమాధిలో అడుగుపలక మీద ఆనుకొనియున్న ఒక కుండ మూతి ముక్కను పెకలించి తెచ్చుకొన్నాను. నేటికీ అది నా బల్ల మీద ఉన్నది. దానిని గూర్చి నేను చెప్పగలిగినదెల్ల పై పేరాలో చెప్పివేసినాను. అది తలవైపు పెట్టిన కుండయా, కాళ్ళవైపు పెట్టినదా? అందులో గింజలు ఉన్నవా, నీరు ఉన్నదా? దాని క్రింద ఎముక ఉన్నదా, ఎముక క్రింద అది ఉన్నదా? ఆ సమాధిని ఒక్కసారి తెరిచి ఒక్కరిని పూడ్చిరా, లేక తరువాత మరల తెరిచి మరొకరిని చేర్చిరా? ఈ ప్రశ్నలన్నిటికి జవాబు ఆ పెంకులో లేదు, పెంకు ఉన్న చోటులో ఉన్నది. ఆ చోటును నేను నా చేతులతో చెరిపినాను.

ఈ సంగతి తెలిసినవారు చాల పూర్వమే ఉన్నారు. నిజాము రాజ్యములో షోరాపూరు సంస్థానపు వ్యవహారములు చూచిన మెడోస్ టేలరు, 1850 దశకములో జేవర్గి ప్రాంతపు సమాధులను త్రవ్వించినాడు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకములో ఉన్నది. బంగారము కొరకు త్రవ్వినవాడైతే కుండలను పారవేసి పోయెడివాడు. టేలరు మాత్రము ఏ పొరలో ఏమి ఉన్నదో, ఎముకలు ఏ పక్కకు పడియున్నవో నిలువు కోతగా పటము గీసినాడు. తొంబది ఏండ్లు గడచిన పిదప ఆ పటములను మార్టిమర్ వీలరు మెచ్చుకొన్నాడు. వీలరు 1947లో మైసూరు రాజ్యమునందలి బ్రహ్మగిరిలో త్రవ్వి, సమాధుల కుండలు నివాసస్థలములో ఏ పొరలో ఉన్నవో, వాటికి పైన, క్రింద ఏ కుండలు ఉన్నవో సరిచూచి, సమాధుల కాలమును క్రీస్తుపూర్వము 200 ప్రాంతమునకు నిర్ణయించినాడు. తరువాత కర్బన-14 పద్ధతి వచ్చినది. చనిపోయిన జీవపదార్థములోని కర్బన-14, 5,730 ఏండ్లకు సగము తగ్గును. ఆ పద్ధతి దక్షిణదేశపు ఇనుపయుగారంభమును దాదాపు వేయి సంవత్సరములు వెనుకకు జరిపినది. ఇప్పుడు ఈ సమాధులను స్థూలముగా క్రీస్తుపూర్వము 1200 నుండి క్రీస్తుశకారంభము వరకు పరచి చెప్పుదురు. పూర్వపు కరీంనగరము జిల్లాలోనే, వి.వి. కృష్ణశాస్త్రిగారు శాతవాహనుల కాలపు పెద్దబంకూరును, సుల్తానాబాదు దగ్గరి కదంబాపూరు సమాధులను త్రవ్వించినందున, కోటలు, నాణెములు గల కాలమునకు ముందు ఇక్కడ ఎవరుండిరన్న ప్రశ్నకు ఆధారము ఏర్పడినది.

కర్బన పరీక్షకు చిటికెడు బొగ్గు చాలును. కాని ఆ బొగ్గు కప్పురాయి క్రిందిదో, నిరుడు గొర్లకాపరి వేసిన మంటదో తెలియకున్నచో పరీక్ష వ్యర్థము. ఎముకలకు మరొక చిక్కు ఉన్నది. గ్రానైటు నుండి వచ్చిన నేల తరచుగా ఆమ్లగుణము కలది. వానకు వానకు ఎముకను కొంచెము కొంచెముగా తినివేయును. మిగిలిన కొద్దిపాటి ఎముకనుండి ప్రాచీన డి.ఎన్.ఏ. తీయవలెనన్నచో ఒట్టి చేతితో తాకరాదు. తాకినవాని డి.ఎన్.ఏ. అందులో కలియును.

ఇక ఊరి పేరు ఎందుకు దాచితినో చెప్పవలెను. మేము చూచిన గొయ్యిని త్రవ్వినవారు శాస్త్రజ్ఞులు కారు. అంచున నిమ్మకాయలు, పసుపు, కుంకుమ ఉన్నవి. గుప్తనిధి ఉన్నదని ఎవరో చెప్పగా రాత్రిపూట వచ్చి త్రవ్వి, కుండలు మాత్రమే కనబడగా పగులగొట్టి పోయినారని ముసలాయన చెప్పినాడు. ఈ సమాధులు నాణెములు వాడుకలోనికి రాకముందువే ఎక్కువ. బంగారపు పూస దొరికిన సందర్భములు దక్షిణదేశమున లేకపోలేదు గాని, అవి అరుదు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువును కలెక్టరుకు తెలుపవలెనని 1878నాటి చట్టము చెప్పుచున్నది. తెలంగాణమునకు 2017లో ప్రత్యేకముగా వారసత్వ చట్టము వచ్చినది. నారాయణపేట జిల్లా ముడుమాలులోని నిలువురాళ్ళు 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాకు ఎక్కినవి. పేరులేని పడావు భూములలోని గుండ్లకు మాత్రము ఇంకను కాపలా ఆ ముసలాయన మేకలే. నిధివేటగాండ్రు ఒక పక్క, గ్రానైటు క్వారీలు మరొక పక్క, పొలము చదును చేసే యంత్రములు ఇంకొక పక్క.

త్రవ్వకుండ కూడ చేయదగిన పని చాల ఉన్నది. ఆ రోజు మిగిలిన సమయమంతా తెరవని వలయము ఒకదానిని కొలిచినాము. వృత్తకేంద్రమును కనుగొనుట ఎట్లు? జ్యామితిలో చెప్పినట్లే, ఎదురెదురుగా కాక పక్కగా ఉన్న రాళ్ళ నడుమ తాడు పట్టి జ్యా తీసికొని, దాని మధ్యబిందువు నుండి లంబము గీచినాము. ఇట్లు మూడు జ్యాల లంబములు కలిసిన చోట కర్ర పాతినాము. ఆ కర్ర నుండి 23 రాళ్ళకు దూరములు కొలిచితే అన్నియు 4.4 మీటర్లకు, 4.6 మీటర్లకు నడుమనే ఉన్నవి. వలయమును కంటితో అంచనా వేసి పేర్చినయెడల ఇంత సమముగా రాదు. కట్టినవారు కూడ నడుమ గుంజ పాతి తాడు తిప్పి ఉందురని మా అభిప్రాయము. దిక్సూచితో ఒక్కొక్క రాయి దిశను గుర్తించినాము. మన ప్రాంతములో అయస్కాంతపు ఉత్తరమునకు, నిజమైన ఉత్తరమునకు గల భేదము సుమారు ఒక డిగ్రీయే గనుక సవరణ చేయలేదు. ప్రతి రాయికి పటములో సంఖ్య వేసి, ఎత్తు, చుట్టుకొలత వ్రాసి, ఫోటో తీసినాము. పెంకును జేబులో వేసికొన్న విద్యార్థియే పటము గీసినాడు. అతని చేతివ్రాత బాగుండును.

చీకటి పడుచుండగా తిరిగి వచ్చినాము. మిగిలిన ఏడు వలయములను కొలుచుటకు సంక్రాంతి సెలవులు అయిన తరువాత మరల పోయినాము. చెరువు కట్ట దాటగానే వాలు మారిపోయినట్లు తోచినది. యాసంగి నాట్ల కొరకు క్రింది మడి చదును చేయుచు ట్రాక్టరుతో కొన్ని గుండ్లను ఒడ్డు కట్టకు తోసినారు. భూమి ఎవరిదో అతనిదే, వరి అతని అన్నము; అతనిని తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. మేము కొలిచిన వలయములో తూర్పువైపు నాలుగు రాళ్ళు లేవు. విద్యార్థులు పటము విప్పి చూచినారు. 7, 8, 9, 10 సంఖ్యల రాళ్ళు. అవి ఎక్కడెక్కడ ఉండెనో టేపుతో కొలిచి, నాలుగు చోట్ల నాలుగు చిన్న కర్రలు పాతి, మిగిలిన వలయముల వైపు నడిచినాము.